కుర్చీలు నిండాలి

“రేపు పొద్దున నువ్వు రాకపోయావో, నీ కొంప మునిగినట్టే!” అంది గొడుగావిడ.

చెప్పుల తయారీ ఆయన సుత్తి ఆపి తలెత్తాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఆవిడ చంకలో గొడుగుంది. ఆ ఊరికి కొత్తగా వచ్చిన మనిషే అయినా బజారంతా కలిసి ఆవిడకి ఆ పేరు ఖాయం చేసేసింది. తాడుని చూసి పామనుకునేవాళ్ళుంటారు. ఈవిడ దారప్పోగుని చూసినా కర్ర వెతుక్కునే రకం.

“మళ్ళీ ఏం మునిగిందమ్మా? మొన్న మా గ్యాసు బండ పేలుతుందన్నారు. పేల్లేదుగా!”

“ఇది అలాంటిది కాదు నాయనా! చుట్టుపక్కల దేశాలన్నీ మనతో కలిసి వ్యాపార ఒప్పందం చేసుకుంటున్నాయట. సుంకాలుండవట. బయటి చెప్పులు వరదలా వచ్చి పడతాయి. సంతకాలకి ముందు జనం ఏమంటారో వింటారట, టౌన్‌హాల్లో. ఒక్కరూ రాలేదనుకో, ఎవరికీ అభ్యంతరం లేదని రాసుకుని పోతారు. ఆ తర్వాత ఏ గోడతో చెప్పుకుంటావు నీ గోడు?”

వెనక గదిలో పట్టీలు కుడుతున్నవాళ్ళ చేతులు ఆగాయి. ఆయన ముఖంలో నవ్వు కూడా ఆగింది. పక్క షాపతను తయారీ మానేసి, బయటి సరుకు తెప్పించి అమ్ముకుంటున్నాడు. సుంకం ఉండగానే ఇదీ సంగతి. లేకపోతే?

“నిజమే కానీ, మైకు ముందు నాకు నోరు పెగలదమ్మా.”

“పెళ్ళాం మీద అరవడానికి పెగుల్తుందిగా! అదే కాస్త మర్యాదగా అరువు. ఇంతకీ, తిన్నావా?”

అక్కణ్ణుంచి ఎదురుగా ఉన్న లేడీస్ టైలర్ దగ్గరికి పోయింది.

“నేనెందుకు పిన్నిగారూ?” అంది టైలరమ్మ, నోట్లోంచి గుండుసూదులు తీసి. “జిప్పులు, బొత్తాలు నాకు బయటినుంచే రావాలి. సుంకం పోతే నాకు పండగే.”

“ఆ ముక్కే వచ్చి చెప్పు తల్లీ.”

“అదేంటి! చెప్పుల బాబాయిని వద్దనమని ఇప్పుడేగా చెప్పొచ్చారు?”

“ఆయన వద్దనాలి. నువ్వు కావాలనాలి. ఇద్దరూ నోరు మూసుకుని ఇంట్లో కూర్చుంటేనే కొంప మునిగేది. సూదులలా నోట్లో పెట్టుకోకు, మింగేస్తావు!”

ఎండ తగిలిందేమో పాపం, అనుకుంది టైలరమ్మ.

ఆ తర్వాత బకెట్ల కొట్టు, సైకిళ్ళ షాపు, సబ్బుల అన్నదమ్ములు. ఎవరి కొంప ఎలా మునుగుతుందో ఎవరికి వారికి విడమర్చి చెప్పింది. సైకిళ్ళాయన మరీ బెదిరిపోతే మంచినీళ్ళు కూడా తాగించింది.

మర్నాడు హాలు తలుపులు తీయకముందే గుమ్మంలో నిలబడింది. చివరి వరసలో, లావుపాటి స్తంభం వెనక చోటు చూసుకుంది. ముందు బల్ల దగ్గర చిన్న వయసు అధికారి ఒకరు కాగితాలు సర్దుకుంటున్నారు. ఒక గుమాస్తా మైకుని తట్టి చూస్తున్నాడు. మిగతావన్నీ కుర్చీలే.

మొదట ఒక ముసలాయన వచ్చాడు. ఫ్యాను కింద కూర్చుని హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

ఇంకెవరూ లేరు.

గొడుగావిడ మెడ చాచి గుమ్మం వైపే చూసింది. బస్సులు ఆగిపోయాయా? బజారంతటికీ ఒకేసారి జ్వరం తగిలిందా? బల్ల దగ్గర అధికారి గడియారం చూసుకుని తల దించుకున్నారు. ఇక ఆవిడ వల్ల కాలేదు. గొడుగు పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది.

మలుపులో కనిపించారు అందరూ. హాలు ఇటా అటా అని వాదించుకుంటూ, గుంపుగా అటే నడుస్తున్నారు.

“ఇటు! ఇటు తగలడండి నాయనా!”

కుర్చీలు నిండాయి. సబ్బుల అన్నదమ్ములు గోడకి చేరబడి నిలబడాల్సి వచ్చింది.

చెప్పులాయనకి మొదట మాట రాలేదు. వచ్చాక ఆగలేదు. “మీరంతా చల్లగా కూర్చుని సంతకాలు పెడతారు! మా పొయ్యిలో పిల్లి పడుకుంటుంది!” అని బల్ల గుద్దాడు. గొడుగావిడ స్తంభం చాటునుంచి చెయ్యి చాపి, తన ముందు వరసలోని బకెట్లాయన వీపు పొడిచింది. “మెల్లగా మాట్లాడమను! ఎవరికైనా గుండె ఆగితే?”

“బాబాయ్, నీ చెప్పుల కోసం ఊరంతా జిప్పుల్లేకుండా తిరగాలా?” అని లేచింది టైలరమ్మ. హాలంతా ఘొల్లుమంది. ఫ్యాను కింద ముసలాయన కూడా మేలుకున్నాడు.

అధికారి ఎవరినీ ఆపలేదు. నవ్వులు సద్దుమణిగాక అడిగారు. “చెప్పుల మీద సుంకం ఒక్కసారిగా కాకుండా ఏటా కొంచెం కొంచెంగా తగ్గించాలి. అడుగు భాగానికి వాడే రబ్బరు షీట్ల మీద, జిప్పుల మీద ముందే తీసేయొచ్చు. ఇలా అయితే ఇద్దరికీ సరేనా?”

చెప్పులాయన, టైలరమ్మ ముఖముఖాలు చూసుకున్నారు.

“సరేగానీ, మా మాట పైదాకా పోతుందా?” అన్నాడు చెప్పులాయన.

“చర్చలకి వెళ్ళే జట్టులో నేనూ ఉన్నాను. ఖాళీ చేతులతో వెళ్తే అక్కడ నా మాట ఎవరు వింటారు? ఇప్పుడు మీరంతా ఉన్నారు. గట్టిగానే అడుగుతాను.”

చెప్పులాయన ఛాతీ విరుచుకుని బయటికి నడిచాడు. వెనకే బజారంతా కదిలింది. గొడుగావిడ కూడా స్తంభం చాటునుంచి గోడవారగా గుమ్మం వైపు జారుకోబోయింది.

అధికారి కాగితాలు అక్కడే వదిలేసి, గబగబా వచ్చి దారికి అడ్డం నిలబడ్డారు.

“పోయిన ఊళ్ళో నా సభకి ఒక్కరూ రాలేదని నేను ఏడ్చానని, ఈ ఊళ్ళో బజారు బజారంతా తోలుకొచ్చావా అమ్మా?”