దారిలో దించకూడదు

"డెబ్బై కేజీలు," అంది ప్రత్యూష చీటీ చూసి. "కవచం విప్పేశాక కూడా నీ యోధుడు డెబ్బై కేజీలున్నాడు చిరంజీవీ. తొడ ఎముక విరిగింది. దిగుడు బావి అడుగున పడున్నాడు. నీళ్ళు పైకొస్తున్నాయి. ఇప్పుడేం చేస్తారు?"

బదులు చెప్పాల్సింది నీలవేణి. గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని, ఒళ్ళోని పాత డైరీలో ఆమె లెక్క చూసుకుంటోంది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ప్రత్యూష వాళ్ళ రైల్వే క్వార్టర్లో ఈ ఆట సాగుతుంది. ప్రత్యూష కథ నడుపుతుంది. మిగతా ముగ్గురూ తలా ఒక పాత్ర తీసుకుని, దాని వివరాలు ఒక చీటీ మీద రాసిచ్చి, ఏం చేస్తారో నోటితో చెప్పి, ఇరవై ముఖాల పాచిక వేస్తారు. చిరంజీవిది యోధుడి పాత్ర, రాకేష్‌ది మంత్రగాడిది. చిరంజీవి చెల్లెలు నీలవేణి మాత్రం మొదటి రోజే కూలీ పాత్ర కోరుకుంది. ఆ కూలీకి కత్తి లేదు, మంత్రం రాదు. అందరి సామానూ మోయడమే పని. ఇప్పుడు బావి అడుగున యోధుడి పక్కన ఉన్నది ఆ కూలీ మాత్రమే, మంత్రగాడు పైన గట్టు మీద ఉన్నాడు. ఏ వస్తువు బరువెంతో ఆమె డైరీలో రాసి ఉంటుంది.

గుమ్మం బయట రెండు జతల చెప్పులు ఎండకు కాగుతున్నాయి. యార్డులో ఎక్కడో వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకున్న చప్పుడు వినిపించింది.

"కూలీ బలం పదకొండు. ఏడు పెట్టి హెచ్చిస్తే డెబ్బై ఏడు కేజీలు మొయ్యగలను," అంది నీలవేణి. "అన్నయ్యని ఎత్తుకుంటే ఇంకో ఏడు మిగుల్తాయి."

"మాయ సంచే ఏడు కేజీలు కదా యార్," అన్నాడు రాకేష్. "ఆరు నెలల ఖజానా అందులోనే ఉంది."

ఆ సంచిలో ఎంత సామాను వేసినా దాని బరువు ఏడు కేజీలు దాటదు. అదే దాని మాయ.

"అచ్ఛా, ఇలా చేద్దాం," అన్నాడు రాకేష్ మళ్ళీ. "చిరంజీవినే సంచిలో వేసెయ్. బరువే ఉండదు. ఖజానా కూడా దక్కుతుంది."

"సంచిలో గాలి పది నిమిషాలకే సరిపోతుంది," అంది ప్రత్యూష.

"సరిపోయినా వెయ్యను," అంది నీలవేణి. ఆమె గొంతు అంత గట్టిగా ఎప్పుడూ లేవదు. "మనిషి సామానేటి? మోస్తే వీపు మీదే మోస్తాను."

చిరంజీవి నవ్వాడు. "ఒదిలీయే వేణీ. నానెలాగూ రేపు ఎలిపోతన్నాను కదా. బావిలో పోయాడనుకోండి. ఖజానా మీకుంటాది."

ఆమె భయమంతా అక్కడే ఉంది. రేపు పొద్దుటి బండికి అన్నయ్య ట్రైనింగ్‌కి వెళ్ళిపోతాడు. ఆ తర్వాత ఏ ఊళ్ళో ఉద్యోగమో తెలియదు. యోధుడు బతికి బయటపడితే ఆటలోంచి సెలవు తీసుకుంటాడు. చనిపోతే ప్రత్యూష ఆ చీటీ చింపేస్తుంది. అది మొదటినుంచీ ఉన్న నియమం. చిరిగిన చీటీతో అన్నయ్యని సాగనంపడం నీలవేణికి ఇష్టం లేదు.

"సంచి వదిలేస్తన్నాను," అంది. రాకేష్ తల పట్టుకున్నాడు. "తాడు ఐదు కేజీలు, నీళ్ళు రెండు. లెక్క సరిపోయింది."

"దీపం?" అని అడిగాడు చిరంజీవి. "చీకట్లో మెట్లెలా ఎక్కుతావే?"

"లెక్కెట్టుకుంటాను."

"తాడెందుకు? ఆ ఐదు కేజీలు బంగారం తెచ్చుకోవచ్చుగా," అన్నాడు రాకేష్.

"నడుముకి కట్టాలి. ఊరికే మెడ పట్టుకుంటే మోసేవాడికి ఊపిరాడదు. వీపు మీదున్నవాళ్ళు తల ఒక పక్కకే ఉంచాలి. అటూ ఇటూ కదిలారంటే బరువు రెండింతలవుతుంది."

రాకేష్ ఇంక వాదించలేదు. ఆ అన్నాచెల్లెళ్ళ తాత నూకరాజు స్టేషన్లో గార్డుల ఇనుప పెట్టెలు నెత్తిన మోసిన మనిషి. ఆ ఇంట్లో పిల్లలకు మోత సంగతులు తెలియకుండా ఎలా ఉంటాయి?

"ఎన్ని మెట్లో నేనింకా చెప్పలేదు," అంది ప్రత్యూష.

"ఇరవై రెండు పెట్టు. పదకొండో మెట్టు దగ్గర పాచిక వేయించు. ఊపిరి అక్కడే మారుతుంది."

ప్రత్యూష ఆమెను ఒక్క క్షణం చూసి తలూపింది.

నీలవేణి కళ్ళు మూసుకుని పెదాలతో లెక్కపెట్టసాగింది. పదకొండు దగ్గర ఆగింది.

"పద్నాలుగు గానీ, ఆపైన గానీ పడాలి," అంది ప్రత్యూష. "తక్కువైతే ఇద్దరూ నీళ్ళలో పడతారు."

"దించీయే," అన్నాడు చిరంజీవి. ఈసారి అతని గొంతులో నవ్వు లేదు. "కాసేపు ఆగి ఎక్కుదువుగాని."

"తాత ఏటనీవోడు? దారిలో దించకూడదు. దించితే మళ్ళా ఎత్తడానికి ఇంకొకడు కావాల. ఇక్కడ ఇంకెవరున్నారు?"

ఆమె పాచిక వేసింది. అది దొర్లుకుంటూ మంచం కిందికి పోయింది. రాకేష్ బోర్లా పడుకుని చూశాడు.

"పదిహేడు," అన్నాడు మెల్లగా.

ఆమె మిగతా మెట్లు పైకి వినపడేలా లెక్కపెట్టింది. ఇరవై రెండు అనగానే ప్రత్యూష చీటీని మడత పడకుండా చిరంజీవి చేతికిచ్చింది. "పైకి వచ్చేశారు. ఎండగా ఉంది. యోధుడికి సెలవు."

చిరంజీవి చాలాసేపు ఆ చీటీ వంకే చూశాడు. "బరువున్నానేటే?" అని అడిగాడు.

"లేవు," అంది నీలవేణి. ఆ అబద్ధం ఆమె అతని దగ్గరే నేర్చుకుంది.

రాకేష్ ఆమె డైరీ అందుకుని ముందుగా కిందికి దిగాడు. ప్రత్యూష తలుపు బార్లా తీసి పక్కకు నిలబడింది. బయట మెట్లు ఇరవై రెండు.

చిరంజీవి, ప్రతి ఆదివారం లాగే, నడవలేని చెల్లెల్ని వీపు మీదికి ఎత్తుకున్నాడు.