బకెట్టు షాటు

సినిమాల్లోకి దిగినప్పుడు టైస్టో హిర్వెల చేతిలో ఉన్నవి మేనమామ ఇచ్చిన, చావీ తిప్పితే నడిచే పాత కెమెరా, ఒక జత ఫెల్టు బూట్లు, ఎవరు చెప్పినా వినని మొండితనం. బూట్లు అరిగిపోయాయి. మొండితనం సగానికి తగ్గింది. కెమెరాను మాత్రం హెల్సింకీ నుంచి వచ్చిన రైమో ఇప్పుడు బల్ల మీద పెట్టి మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు.

"తీసుకెళ్లి ఎక్కడ పెడతారు?" అని అడిగాడు టైస్టో.

"అద్దాల పెట్టెలో, టైస్టో గారూ. మీ పదకొండు సినిమాల రీళ్ల పక్కనే. కింద మీ పేరుంటుంది."

"నేను పోయాక చెయ్యాల్సినవన్నీ ముందే కానిచ్చేస్తున్నారన్నమాట."

రైమో నవ్వాడు. పాత సినిమాలను, వాటి సామాన్లను భద్రపరిచే ఆఫీసులో అతనిది ఉద్యోగం. ముసలి దర్శకుల దెప్పులు అతనికి అలవాటే.

"ఇంత మంచులో ఎలా వచ్చావు?"

"కయానీలో కారు అద్దెకు తీసుకున్నానండీ."

"దండగ. దారి తప్పలేదుగా?"

"లేదు. మలుపులో బస్టాపు స్తంభానికి ఎవరిదో మంచుబండి ఆనించి ఉంది, కాలితో నెట్టుకుంటూ పోతారే, అది. అది కనబడే అక్కడ బస్టాపుందని పోల్చుకుని ఇటు తిరిగాను."

"ఎవరో పిల్లలది అయ్యుంటుంది. సరే, విను. కెమెరా ఇవాళ ఇవ్వను. సినిమా పూర్తి కాలేదు."

"మూడేళ్లుగా చివరి షాటు ఒక్కటే మిగిలిందంటున్నారు."

"ఇంకా అదే మిగిలింది."

తలుపు తెరుచుకుంది. బూట్ల మంచు దులుపుకుంటూ ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. బుగ్గలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. మెడకు చుట్టుకున్న ఉన్ని గుడ్డ మీద ఊపిరి గడ్డకట్టి తెల్లబడింది.

"హిల్క. అవతలి ఊరు. బళ్లో వంట చేసేది," అని పరిచయం చేశాడు టైస్టో. "నా సినిమాలో హీరోయిన్."

"హీరోయిన్ లేదు, ఏమీ లేదు," అందావిడ. "లైబ్రరీ నుంచి వస్తూ ఈ మలుపులో బస్సు మారాలి బాబూ. రెండోది నాలుగింటికి గాని రాదు. అంతసేపు స్తంభం పక్కన గడ్డకట్టుకుపోయే బదులు ఈయన బకెట్టు మోస్తున్నాను. ఊరికే రావడానికి నాకేం పని?"

"నేను మాత్రం ఊరికే పిలుస్తానా?" అన్నాడు టైస్టో.

ముగ్గురూ బయటికి వచ్చారు. షాటు చిన్నదే. ఆవిడ ఆవిరి స్నానాల గది నుంచి సరస్సు దాకా నడవాలి, మంచులో తవ్విన గుంటలోంచి నీళ్లు ముంచుకోవాలి, వెనక్కి వస్తూ ఒక్కసారి ఇంటివైపు చూడాలి. టైస్టో కెమెరాకు చావీ ఇచ్చి కంటికి ఆనించుకున్నాడు. ఆవిడ నడిచింది, ముంచింది, చూసింది.

"ఇంకోసారి. మబ్బు అడ్డొచ్చింది."

"పోయిన వారం ఎండ ఎక్కువైందన్నావు."

"ఎక్కువైంది మరి."

"నీళ్లు బరువయ్యా. ఖాళీ బకెట్టుతో నడిస్తే ఎవరికి తెలుస్తుంది?"

"ఖాళీదైతే మోసేవాళ్ల నడకలోనే తెలిసిపోతుంది."

"అవునులే," అంది హిల్క, కెమెరా వైపు చూస్తూ. "ఇట్టే తెలిసిపోతుంది."

నాలుగు సార్లు నడిచాక ఆవిడ కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. సాయం చేద్దామని రైమో కెమెరా అందుకున్నాడు. అది ఉండాల్సిన బరువు లేదు. మూత తీసి చూశాడు.

"టైస్టో గారూ, ఇందులో ఫిల్ము లేదు."

"మెల్లగా మాట్లాడు. మొదటి చలికాలంలోనే అయిపోయింది."

"మరి ఇదంతా..."

టైస్టో సరస్సు వైపు తిరిగి నిలబడ్డాడు. తెర మీద ఒంటరితనం అమ్మి పేరు సంపాదించిన మనిషి. విదేశాల్లో బహుమతి వచ్చింది. జనం హాల్లో చప్పుడు లేకుండా కూర్చుని, చప్పుడు లేకుండా ఇళ్లకు వెళ్లిపోయారు. ఇంట్లో కన్నా షూటింగులోనే ఎక్కువ మాట్లాడతాడని భార్య కూడా వెళ్లిపోయింది. అమ్ముడుపోని సరుకంతా అతని దగ్గరే ఉండిపోయింది.

"రా, కాసేపు కూర్చో అని ఇక్కడ ఎవరైనా ఎవరినైనా పిలవడం ఎప్పుడైనా విన్నావా?" అన్నాడు. "పిలిస్తే ఏం కొంప మునిగిందో అని హడలిపోతారు. పనుంటే వస్తారు. నువ్వు కెమెరా పట్టుకుపోయావనుకో, ఆవిడ ఆ స్తంభం దగ్గరే నిలబడుతుంది. ఇంతదూరం రాదు."

రైమో మూత వేసి, కెమెరాను జాగ్రత్తగా అతని చేతుల్లో పెట్టాడు.

లోపల బల్ల మీద కాఫీ, ఏలకుల బన్ను సిద్ధంగా ఉన్నాయి. టైస్టో కప్పు ఖాళీ అయినప్పుడల్లా హిల్క అడగకుండానే నింపింది. గోడ గడియారం చూసి లేచింది.

"నా బస్సుకు వేళైంది. వచ్చే వారానికైనా వెలుతురు కుదురుతుందంటావా?"

"చెప్పలేం."

"నాకూ కుదరదనే అనిపిస్తోంది," అని ఉన్ని గుడ్డ చుట్టుకుని వెళ్లిపోయింది.

కాసేపాగి రైమో కూడా బయలుదేరాడు. సినిమా పూర్తయ్యాకే వస్తానన్నాడు. టైస్టో తల ఊపాడు.

మలుపులో హిల్క స్తంభం పక్కన నిలబడి ఉంది. వచ్చేటప్పుడు అతను చూసిన మంచుబండి పిడి మీద ఆవిడ చెయ్యి ఉంది. రైమో కారు ఆపి అద్దం దించాడు.

"ఎక్కండి, దింపేస్తాను."

"వద్దు బాబూ. బస్సు వచ్చేస్తుంది. నువ్వు వెళ్లు."

రైమో కారు ముందుకు పోనిచ్చాడు. ఒక చావీ కెమెరా, ఒక జీవితం, పదకొండు సినిమాలు. అంత పెట్టుబడికీ చివరికి టైస్టోకు మిగిలిన రాబడి, బస్సు వచ్చేలోగా కాలక్షేపానికి వచ్చే ఒక్క మనిషి.

ఆ దారిలో బస్సులు నడపడం ఆపేసి రెండేళ్లయింది.