టక్కుమనని దవడ

నమిలే శబ్దాన్ని విని జబ్బు చెప్పే చెవిపెట్టె ఊళ్ళో అందరి భోజనాల బల్లల మీదా ఉన్నట్టే వనజాక్షి ఇంట్లోనూ ఉంది. ఆర్నెల్లుగా ఆమె దవడ ముద్దముద్దకీ టక్కుమనేది. నొప్పి లేనన్నాళ్ళూ పర్లేదంది పెట్టె. నొప్పి మొదలయ్యాక పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ కూడా అదే తీసుకుంది.

ఈ మధ్యాహ్నం అదే పెట్టె హుషారుగా పలికింది. "శబ్దం ఆగింది. నయమైంది. రేపటి అపాయింట్‌మెంట్ రద్దు చేశాను."

"పీడా వదిలింది. నీ పక్కన కూచుని తినలేక చస్తున్నా," అన్నాడు భర్త కోదండం.

వనజాక్షి నోరు తెరవబోయింది. వేలు పట్టేంత సందు కూడా రాలేదు.

"దవడ పట్టేసింది. అందుకే చప్పుడు లేదు," అంది బిగిసిన పళ్ళలోంచి.

"నయమైందంటోందిగా. నాటకాలాపు."

కలిపిన గోంగూర ముద్దను ఆమె నోటిదాకా తెచ్చి, పెట్టె చెవిలో కుక్కింది. అది గుర్రుమని ఆగిపోయింది.

"దీనికీ నయమైంది," అంది.