మెరుపు ఆగిన గడి

“ఆ బొమ్మ మాత్రం ముట్టుకోకండి,” అంది అక్క.

కొత్తగా వచ్చినతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

బైండింగ్ షాపు మీది గది. ఆదివారం మధ్యాహ్నం. బయట సన్నగా వాన. బల్ల మీద గళ్లు గీసిన పెద్ద కాగితం, పాచికలు, వేలెడంత మట్టిబొమ్మలు.

ఇది కథల ఆట. బైండింగ్ మాస్టారు కథ నడుపుతాడు. మిగతావాళ్లు తలో పాత్రా పట్టుకుని అందులోకి దిగిపోతారు. కాసేపటికి గదికి గోడలుండవు. పొగమంచు, పాడుబడ్డ కోట, దాని మీద చంద్రుడు. అప్పుడు ఇంటి నుంచి ఫోనొస్తే, ఎవరీవిడ అన్నట్టు చూస్తారు మహానుభావులు.

బస్సు డ్రైవరుది డాలు పట్టిన సిపాయి పాత్ర. అక్కది గాయాలు మాన్పే వైద్యురాలు. ముట్టుకోవద్దన్న బొమ్మ పేరు మెరుపు, గట్టి దెబ్బ కొట్టి తప్పుకునే స్ట్రైకరు. అది అక్క తమ్ముడిది.

తమ్ముడు పోయి కొన్ని నెలలయింది. అతను జబ్బుపడి ఆసుపత్రిలో చేరిన రోజు నుంచీ కథ కోట గుమ్మంలోనే ఆగిపోయింది. గుమ్మానికి అడ్డంగా రాతిభూతం నిలబడి ఉంది.

“మెరుపు లేకుండా దాన్ని పడగొట్టలేమమ్మాయ్,” అన్నాడు డ్రైవరు. “నా డాలు దెబ్బలు కాస్తుంది, అంతే. గట్టిగా కొట్టాల్సింది స్ట్రైకరే కదా.”

అక్క బొమ్మ వైపు చూసింది. తమ్ముడిదంటూ ఇంకా బతికున్నది ఆ బొమ్మ ఒక్కటే.

“సరే, ఆడండి,” అంది చివరికి. “కానీ మెరుపు చావకూడదు.”

కొత్తతను అవుననలేదు, కాదనలేదు. ‘ఆటకి ఒకరు కావాలి’ అని షాపు తలుపుకి అంటించిన కాగితం చూసి వచ్చాడట. ఎప్పుడూ నిద్ర చాలనట్టు ఎర్రటి కళ్లు. బొమ్మని మాత్రం రెండు చేతులతో తీసుకున్నాడు.

భూతం కదిలింది. మెరుపు కదల్లేదు.

“ఏమయ్యా, కొట్టేవాడివి కొట్టవేంటి? వేడుక చూడ్డానికొచ్చావా?” అన్నాడు డ్రైవరు.

“మీరు దాని ముందుకెళ్లండి. అది మీ వైపు తిరగాలి. అప్పుడు దాని వీపు నాది.”

డ్రైవరు ముందుకెళ్లాడు. భూతం అటు తిరిగింది. మెరుపు వెనకనుంచి వచ్చి ఒక్కటిచ్చి, అది తల తిప్పేలోగా స్తంభం చాటుకి వెళ్లిపోయాడు. మళ్లీ ఎదురుచూపు. మళ్లీ ఒక్కటి. మళ్లీ చాటు.

స్ట్రైకరుకి ఒంటి మీద కవచం ఉండదు. ఒక్కటిచ్చుకోవడం, చల్లగా జారుకోవడం, వాడి బతుకంతా అదే.

అక్క పాచికలు పట్టుకుని అలాగే ఉండిపోయింది. తమ్ముడు అచ్చం ఇలాగే ఆడేవాడు. ఆ వాన చప్పుడులో, మసక వెలుతురులో, బల్లకి అటువైపు వాడే కూర్చున్నట్టనిపించింది. ఎంత హాయిగా ఉందంటే, ఆట అసలు అయిపోకూడదనుకుంది.

కానీ అయిపోవచ్చింది. కొసప్రాణంతో ఉన్న భూతం ఒక్కసారిగా వైద్యురాలి మీదికి తిరిగింది.

“మూలకి నెట్టేసింది,” అన్నాడు మాస్టారు. “తర్వాతి దెబ్బకి వైద్యురాలు పోతుంది. ఇప్పుడు మెరుపు వంతు.”

“కొట్టి తప్పుకోండి,” అంది అక్క. “నేను పోతే పోతాను.”

అతను మెరుపుని తీసి, వైద్యురాలికీ భూతానికీ మధ్య గడిలో పెట్టాడు. కొట్టాడు. భూతం ఊగింది గానీ పడలేదు.

“ఇంకా కదలొచ్చు,” అని మాస్టారు గుర్తుచేశాడు. “చాటుకి వెళ్తారా?”

“లేదండీ. ఇక్కడే ఉంటాడు.”

భూతం తరఫున మాస్టారు పాచికలు వేశాడు. వేసి, మెరుపుని పక్కకి పడుకోబెట్టాడు.

తర్వాత డ్రైవరు డాలుతో ఒక్క తోపు తోసి భూతాన్ని కూల్చేశాడు. కోట తలుపులు తెరుచుకున్నాయి. లోపల మెట్లు, మెట్ల నిండా వెన్నెల. వైద్యురాలు ఇక పైకి వెళ్లొచ్చు.

ఎవరూ సంబరపడలేదు.

“చావకూడదన్నాను,” అంది అక్క. “వాడు ఎన్నడూ అలా నిలబడిపోలేదు. వాడి ఆట మీకేం తెలుసని ముట్టుకున్నారు?”

అతను ఏదో చెప్పబోయాడు.

“ఏం చెప్పొద్దు. మీరింక రావద్దు.”

“మీరు మెట్లెక్కండమ్మా,” అన్నాడు నెమ్మదిగా. చెప్పులేసుకుని వానలోకి వెళ్లిపోయాడు.

ఆ వారం తమ్ముడు మొదటిసారి అక్క కలలోకి వచ్చాడు. మెట్ల కింద నిలబడి, నువ్వెళ్లు అన్నట్టు చెయ్యి ఊపాడు. లేచాక ఆమె తనివితీరా ఏడ్చింది. ఆ తర్వాత ఆకలేసింది. చాన్నాళ్లకి కడుపునిండా తింది.

మరుసటి ఆదివారం అందరికంటే ముందొచ్చి కూర్చుంది.

“ఆయన్ని పిలిపించండి మాస్టారూ. నోటికొచ్చినట్టు అన్నాను. క్షమించమని అడగాలి.”

అప్పుడే వచ్చిన డ్రైవరు గొడుగు మడిచి, గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

“లేడమ్మాయ్. ఇల్లు ఖాళీ చేసి మొన్న సామానుతో నా బస్సే ఎక్కాడు. నా వెనక సీట్లో కూర్చుని దారంతా జరిగింది చెప్పాడు. ఏ ఊరని అడిగేలోపే దిగి జనంలో కలిసిపోయాడు. మనవాడున్న ఆసుపత్రిలోనే పనిచేసేవాడట, అదే వార్డులో.”

“నేనెప్పుడూ చూళ్లేదే. పగలంతా అక్కడే ఉండేదాన్ని కదా.”

“ఆయనది రాత్రి డ్యూటీ.”

అక్క తల దించుకుంది.

“రాత్రిళ్లు మనల్ని ఉండనిచ్చేవాళ్లు కాదు బాబాయ్. అన్నేసి రాత్రులు వాడు ఒక్కడే ఎలా గడిపాడో అన్నదే నన్ను తినేస్తోంది.”

“ఒంటరిగా లేడమ్మా,” అన్నాడు డ్రైవరు. “నిద్రపట్టని ప్రతి రాత్రీ వాడి పక్కన కూర్చుని, దుప్పటి మీద మందుబిళ్లలు పేర్చుకుని ఈ పోరే ఆడినవాడు ఆయనైతే, మెరుపు చివరికి ఏ గడిలో ఆగిపోవాలో చూపించి, ఆట అయ్యేదాకా మా అక్కకి చెప్పొద్దని ఆయన చేత ఒట్టు వేయించుకున్నది మీ తమ్ముడే.”