ముల్లు దిగేదాకా

పూర్వం పెళ్లిచూపుల్లో అమ్మాయిని పాడమనేవారు. ఇప్పుడు వినమంటున్నారు. మనసు ఎక్కువగా కదిలే పిల్ల కాపురానికి పనికిరాదట.

పెళ్లికొడుకు తల్లి కామాక్షమ్మ నిరుపమ మణికట్టుకు మనసు కదలికను కొలిచే మీటరు కట్టి, పాత పాటల ఆల్బములు ఒక్కొక్కటే వినిపించింది. కీర్తనలకు ముల్లు పద్దెనిమిది దాటలేదు. గజళ్లకు ఇరవై.

"నెమ్మదైన పిల్లే," అని మెచ్చుకుంది.

జాజ్ ఆల్బములో శాక్సఫోన్ మొదలవగానే ముల్లు తొంభైకి ఎగిరింది.

"ఇదెవరితో విన్నావమ్మా?"

"మా నాన్నగారితోనండీ. ఆస్పత్రిలో, ఆయన పోయిన రోజు."

"అయ్యో పాపం," అని ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "మళ్లీ పెట్టరా."

నిరుపమ తల్లి కాఫీ కప్పులు సర్దుతూ తలెత్తలేదు.

పదకొండోసారికి ముల్లు పన్నెండు దగ్గర కదలకుండా నిలిచింది.

"హమ్మయ్య! తాంబూలాలు పుచ్చుకుందాం," అంది కామాక్షమ్మ.