ఒక సున్నా తక్కువ

"ఒరేయ్ తమ్ముడూ, ఇక నావల్ల కాదు. మీ బావో నేనో ఇవాళ తేలిపోవాలి. వెంటనే రా!"

ఆదివారం పొద్దున్నే అక్క ఫోను. సున్నాల సారు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని పరుగెత్తాడు.

ఫ్యాక్టరీలో ఏది మొరాయించినా కాగితం మీద సున్నాలు గీసి, బాణాలతో కలిపి, తప్పెక్కడుందో పట్టేస్తాడు కనక అతనికా పేరు. భార్య పోయాక అతను చొరవగా వెళ్ళగలిగే గుమ్మం అక్కదొక్కటే. ఆ కాపురమూ చెడితే ఎలాగని అతని బెంగ.

వెళ్ళేసరికి ఇద్దరూ చెరో మూల మొహాలు మాడ్చుకుని ఉన్నారు. పోయిన ఆదివారం తడి తువ్వాలు. అంతకుముందు టీవీ గోల. ఇవాళ కిటికీ.

"ఎప్పుడు మొదలైంది?"

"పొద్దున లేవగానే. రాత్రి దాకా బాగానే ఉన్నాం," అంది అక్క.

అతను కాగితం తీశాడు. "సమస్యలు మూడు రకాలు బావా. కుళాయి రకం, గడియారం రకం, కాపురం రకం. కుళాయి కారితే వాషరు మార్చేస్తాం. గడియారం ఆగితే తెలిసినవాడు విప్పి బిగిస్తాడు. కాపురం విప్పామా, మళ్ళీ బిగించలేం. ఏది దేన్ని లాగుతోందో చూడాలంతే."

"నన్ను లాగేది మీ అక్కేనోయ్," అన్నాడు బావ.

సున్నాలు పడ్డాయి. బావ కిటికీ తీస్తాడు, దుమ్మొస్తుంది. అక్క చీపురు పడుతుంది, టీ ఆలస్యమవుతుంది. బావ అలిగి బయటికి పోతాడు, అక్క ఒళ్ళుమండి కిటికీ మూసేస్తుంది. బావ వచ్చి మళ్ళీ తీస్తాడు.

"ఇంతోటి దానికి ఇంత రభసా? ఎక్కడో ఒక సున్నా తక్కువైంది. ఈ గొడవ తీరకపోతే లాభం ఎవరికో అంతుపట్టట్లేదు."

"పడుతుందిలే, ముందు తిను," అంటూ అక్క అతని కంచంలో శనగల కూర గుమ్మరించింది. బావ పొట్ట నిమురుకుని పెరుగు గిన్నె లాక్కున్నాడు. ఆయనకి శనగలంటే గ్యాసు. అక్కకి చిన్నప్పట్నుంచీ ఆ వాసనే పడదు.

రెండు ముద్దలు తిని అతను ఆగిపోయాడు. కూర వైపు చూశాడు. ఎడంచేత్తో కాగితం మీద ఇంకో సున్నా గీసి, గబగబా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తేలిందా?" అడిగాడు బావ.

"ఇది ఇప్పట్లో తేలేది కాదు బావా. వచ్చే ఆదివారం మళ్ళీ రావాలి." అతను కంచం ముందుకు జరిపాడు.

అక్క ఇంకో గరిటె వేసింది.

తెల్లారి మొదలైన ఆ గొడవ కోసం, ఆ ఇంట్లో అతను తప్ప ఇంకెవరూ ముట్టని శనగలు ముందురాత్రే నీళ్ళలో నానాయి.