మేత కొండలెక్కిన తొమ్మిదిమంది

సాక్ష్యం దాచినవాడి గుండె పాపిష్టిదంటుంది ఖురాన్ గ్రంథం. మరి తెలియక దాచినవాడి సంగతేమిటో, నమాజుకొచ్చిన మీలో ఎవరైనా చెప్పగలరా?

ఇవాళ పొద్దున మన నరీన్ కొండల డాక్టరు బురుల్చా కొత్త యాంటీబయాటిక్ మీద రాసిన పరిశోధనను వైద్య పత్రికకు పంపబోయింది. పెద్దల దీవెన లేనిదే మనవాళ్ళు ఏ పనీ చెయ్యరు కదా, ఊరి ముల్లానని నన్ను పిలిపించింది. కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది.

"మోల్దోకే, తొందరగా దువా చెయ్యండి. గడువు గంటే ఉంది!"

అరచేతులు తెరవబోతూ ఆమె ముందున్న రోగుల పట్టీ చూశాను. తొమ్మిది పేర్ల పక్కన రెండో పరీక్ష లేదు. అయినా 'నయమైంది' అని ఉంది.

"వీళ్ళు మళ్ళీ రాలేదేం తల్లీ?"

"గొర్రెలతో మేత కొండలెక్కారు. ఒంట్లో బాగోకపోతే అంత ఎత్తు ఎవరెక్కుతారు? మీరు దువా చూసుకోండి, లెక్కలు నేను చూసుకుంటా!"

"ఎక్కారు తల్లీ. వాళ్ళలో నలుగురికి అక్కడే జనాజా నమాజు చేయించి మట్టిచ్చాను. వాళ్ళు నీ మందు వాడినవాళ్ళని నాకిప్పుడే తెలిసింది."

బురుల్చా కంప్యూటర్ కట్టేసి మందుల సంచీ అందుకుంది.

మిగతా ఐదుగురూ ఇంకా పైనే ఉన్నారు. గుర్రాలున్నవాళ్ళు లేవండి, జీన్లు బిగించండి. పొద్దు వాలకముందే కొండెక్కాలి!